గేటు మీద తువ్వాలు

కొల్లేరు పక్కన మాకు ఎకరంన్నర వరి పొలం మిగిలింది. చుట్టూ ఉన్నవన్నీ చేపల చెరువులైపోయాయి. చెరువు గట్లు పొలంకన్నా ఎత్తు. లోపల నిలబడితే గట్లూ, వాటి మీద ఆకాశమూ తప్ప ఇంకేమీ కనిపించవు.

నా చిన్నప్పుడు ఆ పొలానికి తాటాకు దడి ఉండేది. బళ్ళు నడిచే పుంత మీంచి లోపలికి దిగేచోట ఒక పంగ కర్ర పాతి ఉండేది. మనిషి పంగలోంచి కాలెత్తి అవతల పెట్టి దిగిపోయేవాడు, గేదె దాటలేకపోయేది. బండికోసం పక్కనే వెదురు తడిక ఉండేది. లోపలికి వెళ్ళినవాడు తువ్వాలు తడిక మీద వేసి వెళ్ళేవాడు. అది అక్కడున్నంతసేపూ ఎవరూ తడిక కట్టేసేవారు కాదు, తువ్వాలు ముట్టుకునేవారూ కాదు. వాన వచ్చినా అది అక్కడే తడిసేది.

ఇప్పుడు పుంతకి అడ్డంగా ఇనుప గేటు ఉంది. పైన ముళ్ళ తీగ. చెరువులు లీజుకి తీసుకున్న ఆయన దొంగల భయంతో పెట్టించాడు. ఉన్న దారి అదొక్కటే. ఏలూరులో పత్రికకి పనిచేసిన రోజుల్లో కొల్లేరు గట్ల గురించి ఎంతో రాశాను. గేట్ల గురించి ఎప్పుడూ రాయాలనిపించలేదు.

పోయిన పంట చేలో ఉండగా ఆ లీజుదారు ఫోను చేశాడు. "ఆ ముక్క కూడా మాకిచ్చేయండి. చెరువు చేసేస్తే మీకూ ఏ గొడవా ఉండదండి." ఎన్నో ఏళ్ళుగా మా పొలం కౌలుకి చేస్తున్న పెద్దాయనని అడిగాను. "చెయ్యడానికి నాకేం ఇబ్బంది లేదండి. దారి సంగతే మీరొకసారి వచ్చి చూడండి. చూసి ఏ సంగతీ చెప్పండి" అన్నాడు. అందుకే వెళ్ళాను.

మధ్యాహ్నం మూడింటికి గేటు తీసే ఉంది, మనిషి ఎవరూ లేరు. పాత అలవాటు కొద్దీ చెయ్యి భుజం మీదికి పోయింది. తువ్వాలు గేటు మీద వేసి లోపలికి నడిచాను. ఫోను స్కూటరు డిక్కీలోనే ఉండిపోయింది.

పొలమంతా తిరిగాను. తూర్పు గట్టు ఊటకి ఒక మూల దుబ్బులు ఎర్రబారాయి. మిగతా చేను బాగానే ఉంది. ఉంచుకోవాలనే అనిపించింది. తిరిగి వచ్చేసరికి గేటుకి తాళం. తువ్వాలు లేదు.

పిలిచాను. చెరువులోకి నీళ్ళు తోడే ఇంజను మోతలో నా గొంతు నాకే వినబడలేదు. ఊచలు పట్టుకుని ఊపాను. గట్టెక్కి చూస్తే అటు నీళ్ళు, ఇటు నీళ్ళు, పైన కొంగలు వాలకుండా కట్టిన వలలు. అవతల పదడుగుల దూరంలో నా స్కూటరు. ఈ మోకాళ్ళతో ముళ్ళ తీగ దాటలేను. సొంత పొలంలో ఉన్నాను, ఎటూ కదలలేను. ఎండ వాలేదాకా గట్టు మీద కూర్చున్నాను.

పొద్దు వాలాక ఇంజను ఆగింది. నా కేకకి కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు. నల్లజర్ల వైపు మెట్ట ఊరివాడు, పనిలో చేరి వారమైందట.

"అయ్యో, లోపలున్నారేంటండీ?"

"తువ్వాలు పెట్టాను కదయ్యా, చూళ్ళేదా?"

"అది మీదాండీ? ఎవరో మర్చిపోయారనుకున్నానండి, స్కూటరేమో చేపలకొచ్చినవాళ్ళదనుకున్నానండి. మట్టిగా ఉంటే ఉతికి ఆరేశానండి. ఇంకా ఆరలేదు, కోప్పడకండి."

కోప్పడడానికి ఏముంది? తడి తువ్వాలు భుజాన వేసుకుని ఊళ్ళోకి వెళ్ళి పెద్దాయనతో చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు.

"మీకు ఒక్కపూటే కదండీ! నేను వారానికి రెండుసార్లు అరుస్తానండి. మా ఆవిడైతే, ఇంటికి రావడం ఎందుకు, అక్కడే కాపురం పెట్టుకో అంటదండి."

ఆ సాయంత్రమే లీజుదారుకి ఫోను చేశాను. "పొలం ఇవ్వనండి. గేటు పక్కన మనిషి దాటేలా ఒక పంగ పాతించండి, చాలు."

"దొంగ కూడా మనిషేగా సారూ! తాళంచెవి ఒకటి ఇస్తాను. లోపలికెళ్ళాక మళ్ళీ తాళం వేసుకోమనండి."

పెద్దాయన తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. కోతలకి ముందు ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆయన భార్య గేటు బయట క్యారేజీతో నిలబడి ఉంది. ఆయన లోపల తాళం వేసుకుని పొలం చివర ఉన్నాడు. ఇంజను ఆడుతోంది, కాపలా మనిషి జాడ లేదు.

"ఎంతసేపైందమ్మా?"

"ఏమోనండీ. అన్నం చల్లారిపోయింది, కూర కూడా చల్లారింది. నాకే వేడెక్కుతోంది" అంది. చివరికి క్యారేజీని ఊచకి తగిలించి, కాకులు పొడవకుండా తలకి చుట్టుకున్న గుడ్డ విప్పి కప్పి వెళ్ళిపోయింది.

కోతలయ్యాక పెద్దాయన ఏలూరులో మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్ళు తాగి, మొలతాడు విప్పి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"పంట బాగానే వచ్చిందండి. వచ్చే ఊడ్పులకి మాత్రం ఇంకెవరినైనా చూసుకోండి. నన్ను నేనే లోపలేసుకుని తాళం వేసుకోడం నావల్ల కాదండి."

ఉండమని అనలేకపోయాను. ఆ గట్టు మీద ఒక్కపూట కూర్చున్నవాణ్ణి. తాళంచెవి ఇంకా ఆ బల్ల మీదే ఉంది. ఊడ్పులు దగ్గరపడుతున్నాయి, ఆ గేటులోంచి వెళ్ళి చేస్తాననే మనిషి ఇంతవరకూ దొరకలేదు. లీజుదారు నిన్న కూడా ఫోను చేశాడు. మోగి మోగి అదే ఆగిపోయింది.