శేషు ఉలికి నేను పెట్టిన పదును

మా చెల్లెలి కుడికన్ను పోవడానికి కారణం నేను. ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక చూస్తే ఎంత చిన్న వాక్యం! దీన్ని లోపల పెట్టుకునే అన్నం తిన్నాను, నిద్రపోయాను, పండక్కి చీరలు కొనుక్కున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ల ముందు నోరు తెరిచినప్పుడల్లా వేరే మాటే వచ్చింది.

మాది విజయవాడ వన్‌టౌన్. నాన్న నగిషీ పనివాడు. కాలవ పక్క సందులో చిన్న కొట్టు. పెళ్లిళ్ల రోజుల్లో స్టీలు సామాను మీద పేర్లు కొట్టడం, గుడి గంటల మీద దాతల పేర్లు చెక్కడం, మాకు తిండి పెట్టింది ఆ పని. నాన్న మనసు మాత్రం వెండి తీగ పని మీద ఉండేది. రాగి పళ్లెం మీద ఉలితో సన్నగా గాడి తీస్తారు. గాడి అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండాలి. అందులో వెండి తీగ పెట్టి సుత్తితో మెల్లగా తడితే, తీగ లోపల పరుచుకుని ఇంక ఊడి రాదు. వయసులో ఉండగా హైదరాబాదులో నేర్చుకొచ్చాడట. మగపిల్లలు లేరు. చెల్లెలు శేషు పుట్టిన కొన్నాళ్లకే అమ్మ పోయింది. అందుకని మా ఇద్దరినీ కొట్లో కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. ఆడపిల్లలకు ఉలీ సుత్తీ ఏమిటని బజారంతా నవ్వితే నాన్న కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. నేర్పడం మాత్రం మానలేదు.

శేషుని పెంచింది నేను. జడలు వేసింది నేను. ఉలి జారకుండా బొటనవేలు పళ్లానికి ఎలా ఆనించాలో మొదట చూపించిందీ నేనే. ఆ తర్వాత అది నన్ను దాటిపోయింది. నేను గీత గీసుకుని, కొలుచుకుని, భయపడుతూ చెక్కేదాన్ని. తను కబుర్లు చెబుతూ తీగ మలుపు తిప్పేది. నాన్న ఎప్పుడూ తేడా చూపించలేదు. నా పని చూసి "బాగుందమ్మా" అనేవాడు. దాని పని చూసి ఏమీ అనేవాడు కాదు. అలా చూస్తూ ఉండిపోయేవాడు. ఆ చూపు నాకెప్పుడూ దొరకలేదు.

తొంభైల చివర్లో, మెషిన్లతో పేర్లు కొట్టే కొట్లు వచ్చి మా పని పలచబడుతున్న రోజుల్లో, హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. చేతిపనులు నేర్పే బడి ఏదో నడుపుతారట. శేషు చేసిన కుంకుమ భరిణె చూశాడు. పెద్ద పళ్లెం ఒకటి చేసి తెమ్మన్నాడు. అక్కడివాళ్లకు నచ్చితే అక్కడే ఉండి పిల్లలకు నేర్పవచ్చన్నాడు. నేను చేసిందీ చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు తిప్పి చూసి, పక్కన పెట్టాడు.

పళ్లెం మొదలైంది. అంచు చుట్టూ చేపల బారు, ఒకదాని తోక ఒకటి అందుకున్నట్టు. నాన్న పాత ఉక్కు ఆకురాయి కాల్చి, సాగగొట్టి, దానికోసమే ఒక కొత్త ఉలి చేసిచ్చాడు. ఉలి చేయడంలో కష్టమంతా చివర్లోనే ఉంటుంది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే ఇనుము గట్టిపడుతుంది కానీ గాజులా పెళుసైపోతుంది. అందుకని మొన మెరిసేలా రుద్ది, కుంపటి మీద మళ్లీ మెల్లగా వేడి చేయాలి. మొన గోధుమ రంగుకు తిరిగిన క్షణంలో చల్లార్చాలి. అప్పుడే ఉలి దెబ్బ తట్టుకుంటుంది. "రెండోసారి కాల్చని ఉలితో ఆడుకోకండమ్మా, ముక్క లేచి కళ్లల్లో పడుద్ది" అని నాన్న మా చిన్నప్పట్నుంచీ చెప్పేవాడు.

ఈ మాట నేను కావాలనే రాస్తున్నాను. నాకు తెలియదని మీరు అనుకోకూడదు.

ఒక మధ్యాహ్నం నాన్న గుడి గంట ఇచ్చి రావడానికి ఉయ్యూరు వెళ్లాడు. శేషు వెండి తీగ కోసం బజారుకెళ్లింది. కుంపట్లో నిప్పు ఉంది. నేను ఆ కొత్త ఉలి తీసి నిప్పుల్లో పెట్టాను. ఎర్రబడ్డాక నూనెలో ముంచాను. రెండోసారి కాల్చలేదు. మొన రుద్ది, మెరిపించి, దాని చోట దాన్ని పెట్టేశాను. చూస్తే ఎవరికీ తేడా తెలియదు.

ఏం కావాలనుకున్నాను? మొన విరిగి పళ్లెం మీద గాటు పడాలని. పళ్లెం చెడాలని. అంతే అనుకున్నాను. నిజంగా అంతేనా? అసూయ అంటే సులువుగా అయిపోతుంది. అసూయ ఉంది. కానీ దాని కింద ఇంకొకటి ఉంది. శేషు వెళ్లిపోతే ఆ కొట్లో, నాన్న పక్కన, ఎవరూ తేరిపార చూడని పని చేసుకుంటూ నేనొక్కదాన్నే మిగిలిపోతానన్న భయం. నేను పెంచిన పిల్ల నాకు అక్కర్లేకుండా ఎదిగిపోయిందన్న దుఃఖం. ఇవన్నీ ఇప్పుడు వెతుక్కుంటున్న కారణాలేమో. ఆ మధ్యాహ్నం నా చేతులు మాత్రం వణకలేదు.

మర్నాడు పొద్దున శేషు పనికి కూర్చుంది. నేను ఎదురుగా స్టీలు బిందె మీద ఎవరిదో పేరు కొడుతున్నాను. దాని ముందు పాత ఉలి ఉంది, కొత్తదీ ఉంది. చెయ్యి కొత్తదాని మీదకు వెళ్లింది. నాలుగైదు దెబ్బలు బాగానే పడ్డాయి. నేను సుత్తి ఆపేసి దానివైపే చూస్తున్నాను. అది తలెత్తింది.

"ఏంటక్కా, అట్టా చూస్తన్నావు?"

"ఏం లేదే. టీ పెట్టనా?"

"పెట్టు. ఈ చేప కన్నొకటి అయిపోతే వచ్చేస్తా."

నేను లేచాను. ఆ ఉలి వదిలెయ్యి అనడానికి ఎంతసేపు పడుతుంది? పొయ్యి దాకా నడిచాను. గిన్నెలో నీళ్లు పోశాను. అప్పుడు వినిపించింది, టక్కుమని చిన్న చప్పుడు. ఆ వెనకాలే దాని కేక.

కంటి ఆసుపత్రిలో ముక్క తీశారు. చూపు రాలేదు. పళ్లెం మీద గీత కూడా పడలేదు.

ఒంటి కన్నుతో గాడి లోతు అంచనా దొరకదు. శేషు కొన్నాళ్లు ప్రయత్నించింది. తీగ నిలవలేదు. హైదరాబాదు ఆయన ఒకసారి వచ్చి, అయ్యో అని వెళ్లిపోయాడు.

ఇక్కడితో అయిపోతే నేను ఒక్క తప్పే చేసినదాన్ని. నాన్న ఆ విరిగిన ఉలిని వెలుతురులో పెట్టి చూశాడు. విరిగిన చోటు చూస్తే పనివాడికి తెలిసిపోతుంది. ఉలి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. కనిపెట్టేశాడనుకున్నాను. ఆయన నావైపు తిరిగి, "రంగు సరిగ్గా చూసుకోలేదమ్మా నేను. చూపు ఆనలేదేమో. నా బిడ్డ కన్ను నేనే తీసేశాను" అన్నాడు.

నన్ను అనుమానించాలన్న ఊహే ఆయనకు రాలేదు. నేను నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత నాన్న ఉలి చేయలేదు. పేర్లు కొట్టే మెషిన్ ఒకటి కొని నాకిచ్చాడు. తను అరుగు మీద కూర్చునేవాడు. శేషు వెళ్లి పక్కన కూర్చుని, "నీ తప్పేం లేదు నాన్నా" అనేది. లోపల మెషిన్ ఆపి నేను వినేదాన్ని. రోజూ నాకొక అవకాశం ఇచ్చినట్టే కదా? పామర్రులో ఎరువుల కొట్టాయనకు శేషుని ఇచ్చి పెళ్లి చేసినప్పుడు నాన్న పీటల మీదే ఏడ్చాడు. అప్పుడూ చెప్పలేదు. ఏళ్లు గడిచి మంచాన పడ్డాడు. అన్నం తినిపించాను, ఒళ్లు తుడిచాను. పెద్దమ్మాయి ఎంత సేవ చేస్తోందో అని వీధిలో అందరూ అన్నారు. అలాగే పోయాడు. ఆ నేరం తనదే అనుకుంటూ పోయాడు.

పోయిన నెల పామర్రు వెళ్లాను. శేషు ఒక్కతే ఉన్నప్పుడు చెప్పేశాను. కుంపటి, నూనె, అన్నీ. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. తన కంటి గురించి అది ఒక్క మాట అడగలేదు.

"నాన్నకి చెప్పావా?" అంది.

"లేదు."

"పోయేముందు కూడా నా మొహం పట్టుకుని, క్షమించమ్మా అన్నాడక్కా."

అంతే. లేచి లోపలికి వెళ్లింది. తలుపేసుకుంది. నేను కాసేపు వరండాలో కూర్చుని బస్టాండుకు నడిచాను. అప్పటినుంచి ఫోన్ చేస్తే ఎత్తదు. ఎత్తమని అడిగే హక్కు నాకు లేదు.

కానీ ఆ బస్సులో, కంకిపాడు దాటాక, చాలా ఏళ్ల తర్వాత నిండుగా ఊపిరి తీసుకున్నాను. అందుకు సిగ్గుపడ్డాను కూడా. ఒకరికి చెప్పాక ఇంకొకరికి చెప్పాలనిపిస్తోంది. శేషు కన్ను తీసింది నేను. మా నాన్న చేసిన ఉలిలో ఏ లోపమూ లేదు.