రాధారాణి బండికి టైర్లు

“...పారేద్దామని నేనెప్పుడన్నాను? అమ్మేద్దాం అన్నాను. ఆ రెండూ ఒకటేనా?”

“టైర్లు మార్పించడానికొచ్చి కూర్చున్నాక ఇప్పుడెందుకండీ అమ్మే మాట?”

“అందుకే చెప్తున్నా. చవక రకం వేయిస్తే చాలు, అమ్మేదాకా నడుస్తాయి. ఎనభై వేల మైళ్ళ వారంటీవి ఏం చేసుకుంటావు? నువ్వు తిప్పే తిప్పుడుకి ఆ టైర్లు మనకంటే ఎక్కువ కాలం బతుకుతాయి.”

రాధారాణి తల తిప్పి షెడ్డు వైపు చూసింది. ఆష్‌బర్న్‌లోని ఆ టైర్ల షాపు వెయిటింగ్ రూమ్‌లో కొత్త రబ్బరు వాసనా, మాడిన కాఫీ వాసనా కలిసిపోయి ఉన్నాయి. అద్దం అవతల ఆమె ఎస్‌యూవీని లిఫ్ట్ మీదికి లేపి చక్రాలు ఊడదీశారు. ఇన్నేళ్ళుగా నడుపుతున్న బండిని అడుగు నుంచి చూడటం ఆమెకిదే మొదటిసారి. తుప్పు పట్టి, మట్టి గట్టిపడి, ఎవరిదో బండిలా ఉంది.

“చిన్న ఎలక్ట్రిక్ కారు కొనుక్కుందాం రాణీ. మనిద్దరికీ ఏడు సీట్లెందుకు?” అన్నాడు విశ్వనాథ్, ఈసారి గొంతు తగ్గించి.

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. కారు మారితే నడపడం ఆగిపోదని ఆమెకూ తెలుసు. కానీ ఆ ఏడు సీట్లు లేకపోతే ఇక తననెవరు పిలుస్తారన్నది ఆమె భయం. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పెళ్ళై ఈ దేశం వచ్చేనాటికి రాధారాణి ఎమ్మెస్సీ బోటనీ చదివింది. భర్త వీసా మీద వచ్చింది కాబట్టి ఉద్యోగం చేయకూడదు. పర్మిట్ చేతికొచ్చేసరికి బోటనీ సగం మరిచిపోయింది. ఆ మధ్య కాలంలో ఆమె నేర్చుకున్న పని డ్రైవింగ్ ఒక్కటే. కూతురు సాన్వి స్కూల్లో చేరిన ఏడు ఈ బండి కొన్నారు. ఆ చలికాలంలోనే మొదటి ఫోన్ వచ్చింది. విశ్వనాథ్ ఆఫీసులో కొత్తగా చేరబోయే కుర్రాడి భార్య, రెండు పెద్ద సూట్‌కేసులతో, చంటిబిడ్డతో డల్లెస్ ఎయిర్‌పోర్టులో దిగుతోంది. అతనికి ఇంకా లైసెన్స్ లేదు. కొంచెం వెళ్ళగలరా?

వెళ్ళింది. ఆ తర్వాత వెళ్తూనే ఉంది.

మనిషికి రెండేసి సూట్‌కేసులు, చేతి సంచీలు, పైన తాళ్ళు కట్టిన అట్టపెట్టె ఒకటి. మామూలు కారులో పట్టవు. ఆ బండిలో పట్టేవి. వెనక డిక్కీలో ఎప్పుడూ నాలుగైదు పాత చలి జాకెట్లు ఉండేవి, జనవరిలో కాటన్ చీరల్లో దిగే అత్తగార్ల కోసం. స్టీలు డబ్బాలో పులిహోర. ఎక్కగానే ప్రయాణం ఎలా జరిగిందని అడిగేది కాదు. తన ఫోన్ చేతికిచ్చి, “ముందు ఇంటికి చేసి చేరామని చెప్పు,” అనేది. వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ రేడియో ఆపేసి నెమ్మదిగా నడిపేది. కొందరు ఏడ్చేవాళ్ళు. అద్దంలో చూసేది కాదు.

దారిలో కిటికీలు లేని పొడవాటి భవనాలు వరసగా వచ్చేవి. “ఇవేంటండీ, జైళ్ళా?” అని దాదాపు ప్రతివాళ్ళూ అడిగేవారు.

“డేటా సెంటర్లు. మీ ఆయన రోజూ వెళ్ళేది అందులోకే. సాయంత్రానికి వదిలేస్తార్లే,” అనేది.

ఒకసారి మూడో వరసలో ఎవరిదో ఆవకాయ సీసా పగిలింది. కార్పెట్టు రెండుసార్లు కడిగించినా ఎండాకాలం ఆ వాసన లేచేది. సాన్వి ముక్కు మూసుకుని ఎక్కేది. “అమ్మా, మై ఫ్రెండ్స్ థింక్ వుయ్ డెలివర్ ఫుడ్,” అని గోల పెట్టేది. సాన్వి ఇప్పుడు ప్లేనోలో ఉంటోంది, కార్లో అయితే రెండు రోజుల దారి. కిందటి వేసవిలో వచ్చినప్పుడు మూడో వరసలోకి వంగి, వాసన చూసి, “ఇట్స్ గాన్!” అంది. ఏదో పోగొట్టుకున్నట్టే అంది.

ఆదివారాలు హైస్కూల్ పార్కింగ్ లాట్‌లో రాధారాణి కొత్తగా వచ్చిన ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పేది. పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూ ఉండేది. రజిని అనే అమ్మాయి మొదటి రోజే బండిని గట్టు మీదికి ఎక్కించి పూలమొక్కల్లో ఆపింది. “అక్కా, నా వల్ల కాదు, దిగిపోతా,” అని స్టీరింగ్ వదిలేసింది. “నువ్వు దిగితే మొక్కల్లోంచి ఎవరు తీస్తారు? రివర్స్ వెయ్యి,” అంది రాధారాణి. ఆ రజినియే ఇప్పుడు ఉద్యోగానికి రిచ్‌మండ్ దాకా వెళ్ళొస్తుంది. పిల్లల్ని ఎక్కించుకుని ఫ్లోరిడా కూడా వెళ్ళొచ్చింది.

రాధారాణి మాత్రం అంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదు. ఊరు దాటి పెద్ద రోడ్డు ఎక్కాలంటే స్టీరింగ్ విశ్వనాథ్‌ది. అలాగని ఎవరూ అనుకోలేదు. మొదటి ప్రయాణంలో ఆయన నడిపాడు, ఆమె వెనక పిల్లకి పెరుగన్నం పెట్టింది. తర్వాత పిల్ల పెద్దదైంది గానీ సీట్లు మారలేదు.

విశ్వనాథ్ ఫోన్లో విమానం టికెట్లు వెతుకుతున్నాడు. వచ్చే నెల ప్లేనోలో సాన్వి గృహప్రవేశం.

“గురువారం పొద్దున ఫ్లైట్ బుక్ చేయనా? నీకు కిటికీ పక్క సీటేగా?”

రాధారాణి చెప్పేలోగా ఆమె ఫోన్ మోగింది. వాళ్ళ వీధిలో ఎదురిళ్ళ వరసలో ఉండే ఉమ. శనివారం ఆ అమ్మాయి తల్లిదండ్రులు వరంగల్ నుంచి వస్తున్నారు. రాధారాణి నిన్ననే జాకెట్లు ఉతికి ఆరేసింది.

“చెప్పమ్మా ఉమా, ఫ్లైట్ టైమ్ మారిందా?”

“లేదాంటీ, టైమ్ గదే. గదే చెప్దామని చేసిన. వ్యాన్ బుక్ చేసేసినం యాప్‌లో. మీకెందుకు ఊకె శ్రమ? మీరు ఇంటికి రండి ఆదివారం, మా అమ్మ మిమ్మల్ని చూస్తదంట.”

“శ్రమేముంది... సరేనమ్మా. మంచి పని చేశారు. జాకెట్లు కావాలంటే ఉన్నాయి.”

“ఆన్‌లైన్‌లో తెప్పించినం ఆంటీ. థాంక్యూ సో మచ్.”

ఫోన్ పెట్టేసింది. విశ్వనాథ్ అంతా విన్నాడు. నేను చెప్పలేదా అని అనలేదు. లేచి వెళ్ళి పేపర్ కప్పులో కాఫీ తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. అది తాగేలా లేదని ఇద్దరికీ తెలుసు.

కాసేపటికి కౌంటర్‌లోని అమ్మాయి రెండు కొత్త టైర్లు దొర్లించుకుంటూ వచ్చి గోడకు ఆనించింది. రెండూ ఆల్‌సీజన్వే. వానకీ, ఎండకీ, ఇక్కడ పడే కొద్దిపాటి మంచుకీ సరిపోతాయంది. ఒకటి చవక, తొందరగా అరుగుతుంది, కొంచెం రొద చేస్తుంది. రెండోది ఎక్కువ కాలం వస్తుంది, దూరప్రయాణాల్లో చప్పుడుండదు.

తర్వాత పాత టైరొకటి తెప్పించి రాధారాణికి చూపించింది. నడిమధ్య గాడి ఇంకా కొంచెం కనిపిస్తోంది. అంచులు మాత్రం నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

“ఇక్కడిక్కడే తిరుగుతారా?” అని ఇంగ్లీషులో అడిగింది. “మలుపులు, పార్కింగ్ లాట్లు ఎక్కువైతే ఇలా అంచులు పోతాయి. హైవే మీద పెద్దగా వెళ్ళినట్టు లేదు.”

“అవును. ఇక్కడే,” అంది రాధారాణి.

ఆ అంచు మీద వేలు పెట్టి చుట్టూ నిమిరింది. వేలికి నల్లగా అంటింది. ఎయిర్‌పోర్టు రాంపులు, అపార్ట్‌మెంట్ల సందులు, హైస్కూల్ లాట్‌లో ఆదివారాలు. వాళ్ళందర్నీ దింపి, ప్రతిసారీ ఒక్కతే వెనక్కి వచ్చిన దారులు. తర్వాత వాళ్ళెక్కడెక్కడికో వెళ్ళారు. కొందరి పేర్లు కూడా గుర్తు రావడం లేదు. మొదటిసారి ఇంటికి ఫోన్ చేసినప్పటి గొంతులు మాత్రం గుర్తున్నాయి.

“ఏం చేద్దాం మరి?” అన్నాడు విశ్వనాథ్. “చవకవే చెప్పేయనా? వేసంగికి అమ్మకానికి పెడదాం.”

రాధారాణి టిష్యూతో వేలు తుడుచుకుంది. కౌంటర్ అమ్మాయి వైపు తిరిగి, ఎక్కువ కాలం వచ్చేవే నాలుగూ వేయమని చెప్పింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

“ప్లేనోకి టికెట్ మీకొక్కరికే బుక్ చేసుకోండి. నేను కార్లో వస్తాను.”