నున్నటి వైపు

కొర్దోబాలో ఒక విశ్వవిద్యాలయం వర్క్‌షాపులో లోహపు పనిచేసే మేస్త్రీ ఎవరిస్తో, ఏ వస్తువునైనా ముందు బొటనవేలితో నిమిరి, తర్వాతే కళ్లతో చూస్తాడు. అక్కడి అలవాటు ప్రకారం పలకరింపు ముద్దుకు వంగిన మిత్రుడి చెంపనూ వదలడు. "గడ్డం గీసుకోలేదేంట్రా, ఆకురాయిలా ఉన్నావ్!" అంటాడు. అలాంటి మనిషిని, మూలకణాల మీద పరిశోధన చేసే నోయెలియా గరుకు టైటానియం బిళ్ళలు చేసిమ్మంది. "గరుకు మీద పెడితేనే నా కణాలు ఎముకవుతాయి మేస్త్రీ గారూ. నున్నగా ఉంటే కొవ్వు వైపు మొగ్గుతాయి."

"మెత్తటి సోఫా దొరికిన మా బావమరిదిలా అన్నమాట" అని నవ్వాడు గానీ, గరుకు పని తన చేతిమీదుగా బయటికి పోవడం అతనికి ప్రాణసంకటమైంది. ఒక వైపు చెప్పినట్టే గీకి, పరువు కోసం రెండో వైపు అద్దంలా మెరిపించి పంపాడు. ల్యాబులో ఎవరో మెరిసేదే అసలు వైపనుకుని కణాలను దాని మీదే పెట్టారు. కొన్నాళ్లకు నోయెలియా పరుగున వచ్చింది. "నా కణాలు కొవ్వెక్కి కూర్చున్నాయండీ! ఈసారి కూడా ఎముక రాకపోతే నా ప్రాజెక్టు మూసేస్తారు. ఆ రెండో వైపు ఎందుకు మెరిపించారసలు?" ఎవరిస్తో మర్నాడే కొత్త బిళ్ళలు పంపాడు. ఒక వైపు ఆమె అడిగినంత గరుకు. రెండో వైపు మళ్ళీ అద్దమే, కాకపోతే దాని మీద సన్నటి అక్షరాలు చెక్కాడు: "ఈ వైపు కణాలకు కాదు, నాకు."