ఎవరికి ఏ షిఫ్టు కుదురుతుంది?

శనివారం మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టగానే మా ఫ్యాక్టరీలో ఆడవాళ్లు అన్నం డబ్బాలు తెరవకుండానే క్యాంటీన్ గోడ దగ్గరికి పోయేవాళ్లు. వచ్చే వారం ఎవరికి ఏ షిఫ్టో సూపర్‌వైజర్ రాసి అక్కడ అంటించేవాడు. చూసి కొందరు నవ్వుకుంటూ వచ్చేవాళ్లు, కొందరు మాటా పలుకూ లేకుండా వెనక్కి తిరిగేవాళ్లు. ఆఫీసు కిటికీలోంచి నాకు అంతా కనపడేది.

తమిళనాడులో, సాత్తూరు దాటి విరుదునగర్ పోయే రోడ్డు మీద ఉంది మా ఫ్యాక్టరీ. అగ్గిపెట్టెలకీ మిఠాయిలకీ అట్టపెట్టెలు చేస్తాం. నేను కోవిల్‌పట్టి నుంచి బస్సులో వచ్చేదాన్ని. బ్యాంకు పరీక్షలు రాసి రాసి విసుగొచ్చి, హెచ్ఆర్ అసిస్టెంట్‌గా చేరాను. అదేం ఉద్యోగమని మా అమ్మ అడిగితే, పనికి వచ్చే మనుషుల్ని చూసుకోవడం అని చెప్పాను.

"మనుషుల్ని చూసుకునేదానికి కంప్యూటర్ ఏంటికి?" అంది అమ్మ.

అమ్మ అడిగిందీ నిజమే. మొదట్లో నేను చేసిందల్లా హాజరు టైపు చేయడమే. మనిషితో మాట్లాడే పని ఎప్పుడో గాని తగిలేది కాదు.

ఒకరోజు పేస్టింగ్ సెక్షన్‌లో పనిచేసే ఆవిడ ఒకరు పని మానేస్తానని వచ్చింది. కయత్తారు అవతల, గాలిమరల నడుమ ఉన్న ఊరు ఆమెది. పెట్టెల అంచులు అంటించే మెషిన్ మీద ఆమెకు మంచి చేయి అని పేరు. కారణం అడిగితే "ఇంట్లో పని" అని తమిళంలో పొడిగా చెప్పి తల వంచుకుంది. అంతలో ఆమె ఫోన్ మోగింది.

"అన్నం తింటివా కన్నా? జడ ఎవురు ఏసిరి? అవ్వ చెప్పినట్ట ఇను," అంది ఫోన్‌లో.

అది తెలుగు, మా ఇంటి మాట. ఆమె ఫోన్ పెట్టేశాక నేను తెలుగులోనే అడిగాను: "పాపకి ఎన్ని ఏండ్లు అక్కా?"

ఆమె ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది. "మీరూ మన బాసేనా! ఇన్నాళ్లూ అరవంలోనే మాట్లాడితిమే!"

ఆ తర్వాత అసలు సంగతి తనంతట తానే వచ్చింది. "ఒకటో క్లాసు పోతా ఉండాది. నాకు పొద్దున షిఫ్టు ఏస్తే చీకట్లోనే వ్యాన్ ఎక్కాల. మా అత్తకి కండ్లు సరిగా కనపడవు. ఆయన లారీతో పోతే ఎప్పుడు వస్తాడో తెలీదు. బిడ్డని లేపి పల్లికూటానికి ఎవురు పంపేది? పొద్దెక్కినంక పొయ్యే జనరల్ షిఫ్టు అయితే నేరం కుదురుతాది."

మా ఇళ్లల్లో నేరం అంటే వేళ. అయినా ఆమె దాన్ని చెప్పిన తీరులో తప్పు చేసినదాని గొంతే వినపడింది నాకు.

"సూపర్‌వైజర్ని అడిగితివా అక్కా?"

"అడిగితే ఇంగ పనికే రావద్దంటాడేమో అని బయం. దానికే నేనే మానుకుంటా ఉండాను."

"కొన్నాళ్లు ఓర్చుకో అక్కా. మానుకుంటానని కాగితం ఇప్పుడే ఇయ్యద్దు," అన్నాను. ఏం చేయగలనో నాకే తెలియదు, ఊరికే పంపించడానికి మాత్రం మనసొప్పలేదు.

సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడేం కాదు. అన్ని ఊళ్ల వాళ్లనీ, వ్యాన్లనీ, మెషిన్లనీ తలలో పెట్టుకుని ప్రతి వారం కుస్తీ పడేవాడు. "పొద్దున సరుకు తయారు కాకపోతే మధ్యాహ్నం లారీ ఎట్లా కదులుతుందమ్మా? చేయి తిరిగినవాళ్లు పొద్దున షిఫ్టులో ఉండి తీరాలి. ఇంటింటి కష్టం వింటూ కూర్చుంటే షిఫ్టు వేయడం ఎవరి తరం?" అన్నాడు తమిళంలో.

తలలో పట్టనిది స్ప్రెడ్‌షీట్‌లో పడుతుందేమో అనిపించింది నాకు. ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని ఒకటి తయారు చేశాను. ఒక్కో మనిషికి ఒక్కో వరుస. పక్కన ఆమె ఊరు, వ్యాన్ ఎక్కే చోటు, ఏయే మెషిన్లు తెలుసు, ఏ షిఫ్టు కుదురుతుంది. షిఫ్టు గడిలో చేత్తో రాయనక్కర్లేదు. నొక్కితే డ్రాప్‌డౌన్‌లో ఉన్న షిఫ్టులు కిందికి జారతాయి, ఒకటి ఎంచుకోవడమే. సూపర్‌వైజర్ భయం తీరడానికి ఇంకో ఏర్పాటు చేశాను: పొద్దున షిఫ్టులో చేయి తిరిగినవాళ్లు తగ్గితే పైనున్న గడి ఎర్రబడుతుంది.

అన్నీ నిండాయి, "కుదిరే షిఫ్టు" తప్ప. ఎవర్ని అడిగినా ఒకటే మాట: "ఏదైనా సరే మేడం." వెంబకోట్టై వైపు వాళ్లూ అదే, శివకాశి రోడ్డు వాళ్లూ అదే. సౌకర్యం అడిగినవాళ్ల పేర్లే ముందు తీసేస్తారని వాళ్ల అనుమానం. ఖాళీ గడులను చూస్తూ ఇక ఇది మన వల్ల కాదనుకున్నాను.

పేస్టింగ్ అక్కతో ఆ మాటే చెప్పాను. ఆమె మరునాడు భోజనాల దగ్గరికి నన్ను పిలిచి, తన పక్కన చోటు చేసింది. చుట్టూ అందరూ ఉండగా గట్టిగా అంది: "నాకు జనరల్ షిఫ్టు కావాల. పొద్దున ఇంట్లో బిడ్డ ఉండాది. నా పేరు పక్కన అట్లనే ఎయ్యండి. పోతే నా పనే కదా పొయ్యేది."

ఆమెకు ఎదురుగా పేస్టింగ్‌లోనే పనిచేసే, సాత్తూరు పక్క ఊరి నుంచి వచ్చే క్రైస్తవుల అమ్మాయి కూర్చునుంది. ఆ అమ్మాయి ముద్ద చేతిలో పట్టుకునే అంది: "అయితే నాకు పొద్దునే ఏయండి అక్కా. జనరల్‌కి పోతే ఇల్లు చేరేలోపల చీకటి పడతా ఉండాది. పొద్దున షిఫ్టు అయితే పిల్లోళ్లు వచ్చేలోపల ఇంట్లో ఉంటాను."

నేను తెల్లబోయాను. ఒకరు వద్దని ఏడుస్తున్న షిఫ్టు ఇంకొకరికి కావాలి, అదీ అదే మెషిన్ తెలిసినవాళ్లకు! ఒకరినొకరు ఎప్పుడూ అడగలేదు, అంతే. ఆ పూట నా గడులు చాలావరకు నిండాయి. ఫిల్టర్ పెట్టి, మిగతా వరుసలు దాచి చూస్తే, పొద్దున షిఫ్టు కోరినవాళ్లలోనూ చేయి తిరిగినవాళ్లు సరిపడా ఉన్నారు. పైనున్న గడి ఎర్రబడలేదు.

దాన్ని తీసుకుని విరుదునగర్ హెడ్డాఫీసుకు వెళ్లాను. మేనేజర్ గారు ఫిల్టర్‌ను అటూ ఇటూ మార్చి చూసి, "ఒక నెల నడిపి చూడమ్మా. లారీ ఆగిందంటే మాత్రం పాత పద్ధతే," అన్నారు.

లారీ ఆగేంత పనీ అయింది. కొత్త షిఫ్టులు మొదలైన వారంలోనే ఒకరోజు పొద్దున పేస్టింగ్ మెషిన్ నడిపే మనిషి రాలేదు, జ్వరం. సూపర్‌వైజర్ రుసరుసలాడుతూ వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"అడుగు నీ షీటుని! ఇప్పుడు మెషిన్ మీద ఎవరు నిలబడాలి?"

ఆ మెషిన్ తెలిసినవాళ్లు, ఆ రోజు పొద్దున షిఫ్టులో ఉన్నవాళ్లు అని రెండు ఫిల్టర్లు వేశాను. అప్పటికే మెషిన్ల మీద ఉన్నవాళ్లు పోగా ఒక పేరు మిగిలింది. ప్యాకింగ్ సెక్షన్‌లో ఉన్న ఒక పెద్దావిడ. ఒకప్పుడు పేస్టింగ్‌లో చేసి మారిందట. ఆయన నమ్మకం లేకుండానే పిలిపించాడు. ఆమె కొంగు దోపుకుని మెషిన్ ముందు నిలబడింది. మధ్యాహ్నం లారీ వేళకే కదిలింది.

సాయంత్రం ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "పొద్దున ఏదో నొక్కావే, అది నాకు చూపించమ్మా."

చూపించాను. ఫిల్టర్ తీయడం మర్చిపోయి "మిగతావాళ్లంతా ఏమైపోయారు?" అని కంగారుపడ్డాడు కూడా. ఇద్దరం నవ్వుకున్నాం. నెల తిరిగేసరికి షిఫ్టులు ఆయనే షీటులో వేయడం మొదలుపెట్టాడు. నేను వ్యాన్ల సంగతి పట్టుకున్నాను.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. వెంబకోట్టై వ్యాన్ ఇప్పటికీ ఆలస్యమే. దీపావళి ముందు ఆర్డర్లు ముంచుకొస్తే ఎవరికి కుదిరే షిఫ్టూ నిలవదు, అరుపులు తప్పవు. కాకపోతే ఇప్పుడు వాళ్లు ఆఫీసు తలుపు దాకా వచ్చి అరుస్తారు. గోడ దగ్గర మౌనంగా తిరిగిపోవడం కంటే అది నయమని నా లెక్క.

పేస్టింగ్ అక్క పని మానలేదు. కొత్తగా చేరినవాళ్లకు మెషిన్ నేర్పే బాధ్యత ఈ మధ్యే ఆమెకు ఇచ్చారు. ఎవరు ఎంతవరకు నేర్చుకున్నారో గుర్తుపెట్టుకోవాలి కాబట్టి, దానికీ ఒక షీటు కావాలంది. గడులు నేను తయారు చేసి, పేర్లు నువ్వే వేయి అని పక్కన కూర్చోబెట్టాను.

"నాకు రాదు," అని చేతులు వెనక్కి తీసుకుంది.

"మెషిన్ నేర్చుకునేటప్పుడు వచ్చునా అక్కా?"

ఆమె చూపుడు వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, మొదటి పేరు కొట్టింది. దాని పక్క గడి నొక్కితే డ్రాప్‌డౌన్ కిందికి జారింది. అందులోంచి "నేర్చుకుంటోంది" అన్నదాన్ని ఎంచుకుని నా వైపు చూసింది.

"ఈ మొదటి పేరు ఎవరిదక్కా?" అన్నాను.

"నాదే," అంది. "కంప్యూటర్ నేర్చుకుంటా ఉండాను కదా!"