పండరీకి వెళ్తున్నామని చెప్పి

మొన్న శనివారం సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసి, పిల్లాణ్ని నీ దగ్గర వదిలి మేమిద్దరం అలా బయటికి వెళ్లొస్తామమ్మా అంది. ఎక్కడికే అని అడిగితే, ఇంకా అనుకోలేదంది. ఎంత తేలిగ్గా అనేసిందో! వాళ్లిద్దరూ కారెక్కి వెళ్లాక మనవడికి పప్పన్నం తినిపిస్తుంటే నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే కాస్త కుళ్లు కూడా వచ్చింది, దాచుకోవడం ఎందుకు. నా ఈడువాళ్లెవరైనా ఇది చదువుతుంటే గుర్తు తెచ్చుకోండి, పిల్లలు పుట్టాక మొగుడూ పెళ్లాం ఏ పనీ లేకుండా ఇద్దరే గడప దాటడం మన రోజుల్లో ఎంత పెద్ద సంగతో.

ఇరవై ఏళ్ల కిందటి మాట. మావారికి రైల్వేలో, వ్యాగన్లు బాగుచేసే షాపులో ఉద్యోగం. పెళ్లి కాగానే పార్వతీపురం నుంచి నేరుగా రాయ్‌పూర్ వచ్చిపడ్డాను. గుఢియారీ దగ్గర రైల్వే క్వార్టర్లలో మా వరసలో ఎనిమిది ఇళ్లుంటే, అందులో మాతో కలిపి ఆరు శ్రీకాకుళం, విజయనగరం వాళ్లవే. హిందీ నాకు కూరలబండి దగ్గర నేర్చుకున్నంతే వచ్చు. అప్పటికి అమ్మాయికి ఆరేళ్లు, బాబుకి మూడు. పిల్లల్ని ఓ పూట చూడ్డానికి అత్తగారు గానీ అమ్మ గానీ దగ్గర లేరు. ఆయన ఇంట్లో ఉంటే పిల్లలు మెలకువగా ఉండేవారు, పిల్లలు పడుకుంటే ఆయన డ్యూటీలో ఉండేవారు. మా మధ్య మాటలంటే పాలు వచ్చాయా, గ్యాసు బుక్ చేశారా, అంతే.

ఆ ఏప్రిల్లో ఒకరోజు ఆయన అన్నం తింటూ, తల ఎత్తకుండా, జూన్ నుంచి నువ్వూ పిల్లలూ పార్వతీపురంలో ఉండండి, అక్కడే బళ్లో వేద్దాం, మీ అన్నయ్యతో మాట్లాడేశాను అన్నారు. నేను నోరు తెరవబోతే అమ్మాయి చెవులు రిక్కించుకుని కూర్చుంది. ఆ మాటని నాలుగు రోజులు మింగుకుని తిరిగాను. అన్నయ్యకి చెప్పినవాడు ముందు నాకు చెప్పలేదే అని ఒక బాధ, మేం ఈయనకి బరువైపోయాం కాబోలునని ఇంకో బాధ. అయిదో రోజు నాలుగింటికి డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ, రేపు రిజర్వేషన్ చేయించేస్తాను అన్నారు. అప్పుడు నాకేం పుట్టిందో తెలియదు, లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చి నిలబడ్డాను.

"లెగండి, బయటికెల్దాం. పిల్లలొద్దు, మనిద్దరమే."

"ఏటయింది నీకు?" అన్నారాయన. అయినా స్కూటర్ తాళం తీశారు.

చివరి క్వార్టర్లో ఉండే దీదీ ఛత్తీస్‌గఢ్ మనిషి, మా పిల్లలంటే ప్రాణం. "జా బహినీ, మై దేఖ్ లేహూ," నేను చూసుకుంటాలే పొమ్మని బాబుని చంకనేసుకుంది. ఎక్కడికి అని మాత్రం అడిగింది. ఊరికే తిరగడానికని చెప్పడానికి సిగ్గేసి, పండరీకి అనేశాను. అక్కడే తప్పు చేశాను. పండరీ అంటే హోల్‌సేల్ బట్టల బజారు, మా వరసలో ఎవరు పండరీ వెళ్లినా మిగతా ఇళ్ల పనులూ నెత్తినేసుకుని వెళ్లాల్సిందే. చీర లోపలి కొంగు దగ్గర వేలెడంత ముక్క కత్తిరించి ఇస్తారు, సరిగ్గా ఆ రంగు జాకెట్టు గుడ్డ వెతికి తేవాలి. స్కూటర్ స్టార్టయ్యేలోపు అయిదు ముక్కలు నా చేతిలో పడ్డాయి. పక్కింటి వదినగారయితే చిలకపచ్చ ముక్కని పిన్నీసుకి గుచ్చి మరీ ఇచ్చారు.

"పచ్చంటే ఏదో ఓ పచ్చ తెచ్చీకు వదినా, ఎలుతురులో పెట్టి సూసి తే."

పండరీ మలుపు రాగానే ఆయన బుద్ధిగా స్కూటర్ తిప్పబోయారు. నేను భుజం మీద చెయ్యేసి, నేరుగా పోనీండి అన్నాను. మరి ముక్కలెలా అన్నారు. ముక్కల సంగతి నేను చూసుకుంటానన్నాను. ఆ రెండు మూడు గంటలూ నేను ఎవరికీ ఇవ్వదలచుకోలేదు, జాకెట్టు గుడ్డలకైతే అసలే ఇవ్వదలచుకోలేదు.

అలా ఊరు దాటి, లారీల పక్కనించి, మొహాన వడగాలి కొడుతుండగా మందిర్ హసౌద్ అనే పల్లె దాకా పోయాం. రోడ్డు పక్కన ఒక ఢాబా ముందు మంచం మీద కూర్చుని టీ చెప్పాం. ఎనిమిదేళ్లు కాపురం చేసినవాళ్లం పెళ్లిచూపుల్లోలాగా గ్లాసులు పట్టుకుని దిక్కులు చూశాం. టీ చల్లారిపోయాక, మేం మీకు బరువైపోయామా అని అడిగేశాను.

ఆయన రోడ్డు వైపు చూస్తూ, కిందటి వానల్లో ఆసుపత్రి సంగతి ఎత్తారు. అప్పుడు బాబుకి జ్వరం కాస్తే, ఆయన డ్యూటీలో ఉన్నారని ఇద్దర్నీ రిక్షాలో వేసుకుని నేనే రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్లాను. కబురంది ఆయన వచ్చేసరికి వరండాలో తడిచీరతో కూర్చున్నానట. నాకది గుర్తే లేదు.

"పరాయి ఊళ్లో నిన్నలగ ఒక్కదాన్నీ ఒగ్గీసి... నేనేటి మొగుణ్ణి?" అన్నారు.

ఎనిమిది నెలలు ఆ ఒక్క మాట కడుపులో పెట్టుకుని తిరిగారన్నమాట ఆ మనిషి! నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. తడిసినదాన్ని నేను, నాకు లేని భయం మీకెందుకు, నేను వెళ్లను, రిజర్వేషన్ చేయిస్తే టిక్కెట్టు చింపి పొయ్యిలో పెడతాను అని గట్టిగానే అన్నాను. పక్క మంచం మీది లారీ డ్రైవరు భాష రాకపోయినా విషయం గ్రహించినట్టు అటు తిరిగి పడుకున్నాడు. మావారు నవ్వేశారు, ఇంకో రెండు టీలు చెప్పారు. తిరుగుదారిలో గుప్‌చుప్ బండి దగ్గర ఆగి, ఇక్కడ పానీపూరీని అలాగే అంటారు, ఎవరెక్కువ తింటారో పందెం వేసుకున్నాం. నేనే గెలిచాను.

ఇంటికొచ్చేసరికి మా వరస ఆడవాళ్లంతా గుమ్మాల్లోనే ఉన్నారు. కొట్లు మూసేశారని చెప్పెయ్యమని ఆయన గుసగుసలాడారు. నా నోటి దాకా కూడా అదే వచ్చింది. కానీ అంత నిజం మాట్లాడుకుని వచ్చి మళ్లీ అబద్ధమాడబుద్ధి కాలేదు. ఎవరి ముక్క వాళ్ల చేతిలో పెట్టి, పండరీ వెళ్లలేదు, ఇద్దరం ఊరికే తిరిగొచ్చాం అన్నాను. ఆయన చెప్పులు కూడా విప్పకుండా లోపలికి దూరిపోయారు.

"ఏ పనీ లేకండానే?" అంది వదినగారు.

"లేకుండానే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పచ్చ ముక్క తీసుకుని తలుపేసుకుంది. ఇంక నెల్లాళ్లు మాటలుండవనుకున్నాను. రెండు వారాలు తిరక్కుండా ఆవిడే తన ముగ్గురు పిల్లల్నీ మా గుమ్మంలో నిలబెట్టి, వాళ్లాయన స్కూటర్ ఎక్కుతూ, నా మొహం చూడకుండా, పండరీకి అంది. నేను ముక్క ఇవ్వలేదు. ఆ వరసలో ఎవ్వరూ ఇవ్వలేదు. ఆవిడ చేతులూపుకుంటూ, జడలో కొత్త పూలతో తిరిగొచ్చింది.

మా పిల్లలు ఇక్కడే చదివి ఇక్కడే పెద్దయ్యారు. అమ్మాయికి ఇప్పుడు నవా రాయ్‌పూర్‌లో ఫ్లాటు. పక్క ఫ్లాటులో ఎవరుంటారే అని అడిగితే తెలియదంది. చెప్పి వెళ్లాల్సినవాళ్లు లేరు గనక దానికి అబద్ధం అవసరం లేదు. నేను లేకపోతే పిల్లాణ్ని వదలడానికి ఇంకో గుమ్మం కూడా లేదు. అది గమనించినప్పుడు నా కుళ్లు కాస్తా పోయి బెంగ పట్టుకుంది. వదినగారు రిటైర్మెంటయ్యాక విజయనగరం వెళ్లిపోయారు, దీదీ కాలం చేసింది.

వచ్చే ఆదివారం మనవణ్ని తెచ్చి వదలబోయినా, అల్లుడికే అప్పగించి, మేమిద్దరం మందిర్ హసౌద్ దాకా వెళ్లి రావాలని గట్టిగా అనుకున్నాను. మోకాళ్లనీ ఎండనీ ఆయన ఏవేవో చెబుతారు, నేను వినను. తాళం తీసి బండి ఎక్కడమే ఇప్పుడు. స్కూటర్ ఆపి నా చేతిలో ముక్క పెట్టేవాళ్లు ఈ ఊళ్లో ఒక్కరూ మిగల్లేదు.