గాలి తాగిన బండి

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. పిల్లి ఎదురైతే పులి అని చెప్పను గానీ, దాని మీసాలు మాత్రం మూరెడు పొడుగున్నాయంటాను. నేను చెప్పిన ఏ మాటనైనా నా భార్య సగానికి కోసి, ఆ సగాన్ని చేటలో వేసి చెరిగి, మిగిలింది నమ్ముతుంది. మీరూ అలాగే చదువుకోండి. పూర్తిగా తీసి పారేయాల్సింది ఏదో చివర్లో నేనే చెబుతాను.

నిన్న పొద్దున మా ఎదురింటివాళ్లు కొత్త కారు తెచ్చుకున్నారు. బూడిదగుమ్మడికాయ పగిలింది, టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి, కర్పూరం వాసనా కొత్త సీట్ల వాసనా కలిసి వీధంతా కమ్ముకున్నాయి. ఇంజను స్టార్టు చేయగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేనొక్కడినే చేతిలో కొబ్బరిముక్క పట్టుకొని, మెడ పక్కకు వంచి, బానెట్ వైపు చెవి పెట్టి నిలబడిపోయాను. "ఏమన్నా, అట్ల వింటాండావు? బండి బాగల్యాదా?" అని ఎదురింటాయన బెదురుగా అడిగాడు. బాగుందప్పా అన్నాను. నిజంగానే బాగుంది. కానీ కొత్త ఇంజను గొంతు సవరించుకున్నప్పుడల్లా నా అరచేతుల్లో చెమట పడుతుంది. ఈ జబ్బు నాకు మా బండి తగిలించింది.

మాది కంబదూరు పక్కన పల్లె. చేనులో కంపెనీవాళ్ల గాలిమర లేచి నిలబడి, చోటిచ్చినందుకు డబ్బు ముట్టిన పుణ్యాన మా ఇంటి ముందు కారు వచ్చి నిలబడింది. మామూలు కారు కాదు. దాన్ని చూడటానికి పావగడ నుంచి జనం బస్సులు కట్టించుకొని వచ్చారు. కూర్చుంటే సీటు వీపుకు చల్లగాలి కొడుతుంది. దారి చెప్పే ఆడమనిషి ఒకావిడ లోపల ఉంటుంది. ఆమె మా ఊరి పేరు పలికినప్పుడు పుట్టి పెరిగిన నేనే ఇదేదో విదేశం అనుకున్నాను. పైకప్పు మీట నొక్కితే తెరుచుకుంటుంది. అది చూసి మా నాయన, "మోడమే ల్యాని ఊర్లో పైన తెరిచి ఏం చూడల్లరా?" అన్నాడు. అన్నాడే గానీ, మరునాటి నుంచి పొద్దున్నే వెళ్లి ఆ కప్పు తెరిపించి, ఎక్కడైనా మబ్బుతునక కనిపిస్తుందేమోనని అందులోంచి చూసేది ఆయనే.

ఆ బండి కొన్నదే ఆయన కోసం. మెట్టెక్కితే ఆయాసం వస్తోందని అనంతపురంలో చూపిస్తే, డాక్టరు పటాలు తీసి, గుండెకు పోయే దారులు పూడుకుపోయాయని, నెల తిరక్కుండా బెంగళూరు తీసుకెళ్లి బాగు చేయించాలని చెప్పాడు. కుదుపులు పడకూడదన్నాడు. నన్ను పక్కకు పిలిచి, "ఆలస్యం చేస్తే నడుస్తూ నడుస్తూనే ఆగిపోవచ్చు" అన్నాడు. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా నాయన కుదుపుల బస్సులో గాక చల్లని సీట్లో మహారాజులా వాలి బెంగళూరు వెళ్లాలని, ఆ వారంలోనే బండి తెచ్చేశాను.

వచ్చిన కొత్తలోనే శబ్దం మొదలైంది. ఊరు దాటేదాకా ఏమీ ఉండదు. కాస్త ఎత్తు ఎక్కగానే ముందు వైపు లోలోపలి నుంచి గుర్రుమనేది. తర్వాత గళ్ మని ఒక దగ్గు. కాసేపు నిశ్శబ్దం, మళ్లీ గుర్రు. ఏనుగు మింగిన ఏనుగు త్రేన్చినట్టు ఉండేదని నేను ఊరంతా చెప్పాను. నా భార్య మాత్రం, "ఎవరో తలుపు అవతల గొంతు సరిచేసుకున్నట్టుంది" అంది. ఆమె చెప్పిందే సరి. అందుకే అంత భయం వేసింది.

మొదటిసారి విన్నప్పుడు నాయన పక్క సీట్లోంచి ఠక్కున నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే, ఆపు. గాలి తాగతాండాది. వినపళ్యా నీకు?"

బోరుబావుల కాపురం తెలియనివాళ్లకు ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. మా దగ్గర బోరు ఒక్కసారిగా చావదు. నిండుగా పడే ధార ముందు సన్నబడుతుంది. తర్వాత నీళ్లతో పాటు గాలి వస్తుంది. పైపు గుర్రుమంటుంది, దగ్గుతుంది, ఇన్ని నీళ్లు కక్కి మళ్లీ గుర్రుమంటుంది. దాన్నే గాలి తాగడం అంటారు. అప్పుడు మోటారు ఆపి రెస్టు ఇవ్వాలి. అడుగున ఊట చేరితే మళ్లీ కాసేపు పోస్తుంది. రానురాను రెస్టు పెరుగుతుంది, పోసేది తగ్గుతుంది. ఒకనాడు పైపు మూతికి చెయ్యి అడ్డం పెడితే తడి గాలి తప్ప ఏమీ తగలదు. అలా అరచెయ్యి పెట్టి నిలబడిన నాయనను నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఒక బోరు తర్వాత ఒక బోరు దగ్గర. చివరి బోరుతో పాటు చీనీ తోట, అంటే బత్తాయి తోట, పోయింది. ఆ ఎండాకాలమే అమ్మ కూడా పోయింది.

"నాయనా, ఇది కారు. దీనికి డీజిలు పోస్తాం గాని, భూమిలోంచి ఏం తోడుకోదు" అన్నాను.

"ఏదైతే ఏమిరా? అడుగున ల్యాకుంటే అన్నీ ఒగే మాదిరి అరుస్తాయి. ఆపి, ఊట దిగనీ."

ఆపాను. అంత ఖరీదైన బండిని వేపచెట్టు నీడన నిలబెట్టి, ఇద్దరం రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ గట్టు మీద కూర్చున్నాం, దానికి ఊట దిగడం కోసం. గొర్రెల మందతో పోతున్న ఒకాయన ఆగి, "ఏమప్పా, కొత్త బండికి అప్పుడే ఏమొచ్చె?" అన్నాడు. నాయన గంభీరంగా, "రెస్టు ఇచ్చినాం" అన్నాడు. ఆయన బోరున్న రైతే అయ్యుంటాడు, అర్థమైనట్టు తల ఊపి వెళ్లిపోయాడు. నవ్వుకుంటూ బండి తీశాను. చిత్రం, శబ్దం లేదు! నా నవ్వు అక్కడే ఆగిపోయింది. పక్క ఊరి దాకా పిల్లిలా వచ్చి, అక్కడ మళ్లీ దగ్గింది. నాయన నా వైపు చూడలేదు. మళ్లీ మోరీ వెతుక్కున్నాం.

అనంతపురం షోరూంకు తీసుకెళ్లాను. అక్కడ బండి అత్తారింటికొచ్చిన కొత్త అల్లుడిలా అణిగిమణిగి ఉంది. ఎత్తి చూశారు, దించి చూశారు, వైర్లు తగిలించి కంప్యూటరును అడిగారు. కంప్యూటరు తనకేమీ తెలియదంది. మెడలో కార్డు వేలాడేసుకున్నాయన స్వయంగా ఊరు చుట్టి వచ్చి, "ఏం ల్యాదు సార్. బండి కొత్త, మీ చెవులకూ కొత్త. అలవాటైతాది" అన్నాడు. షోరూం గేటు దాటి బ్రిడ్జి ఎక్కానో లేదో, గుర్రుమంది. వెనక్కి తిప్పాను. గేటు కనబడగానే మానేసింది. ఇలా ఎన్నిసార్లు తిరిగానంటే, ఆ గేటు కాపలాదారుడు నన్ను అక్కడే పనిచేసేవాడిననుకొని ఒకరోజు టీ తెమ్మన్నాడు.

నవ్వించడానికి చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో నాకు అన్నం సహించలేదు. ఆ శబ్దం ఇంట్లోకి కూడా వచ్చేసింది. మిక్సీలో వినబడేది, ఫ్రిజ్ వెనక వినబడేది. నాయన గడప దాటి ఒక్క క్షణం ఆగితే, ఆయన ఛాతీలోంచి వస్తుందేమోనని ఊపిరి బిగపట్టి వినేవాణ్ని. ఆయనా అదే వింటున్నాడని నాకు తెలుసు. ఒకరినొకరు చూసుకొని, వెంటనే ఎండ గురించి మాట్లాడుకునేవాళ్లం.

బెంగళూరు ప్రయాణం రేపనగా నాయన, "మీ మామను పిలిపిచ్చు" అన్నాడు. మామ అంటే అమ్మ తమ్ముడు. నీళ్లు చూసే మనిషి. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకొని చేనంతా నడుస్తాడు. కింద నీళ్లున్న చోట కాయ నిటారుగా లేచి నిలబడుతుంది. మామ వచ్చి, చెప్పులు విడిచి, కాయ అరచేతిలో పెట్టుకొని బండి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు. డిక్కీ దగ్గర కాయ కదల్లేదు. తలుపుల దగ్గర కదల్లేదు. బానెట్ ముందుకు రాగానే వణికింది, ఒరిగింది, మెల్లగా లేచి నిలబడింది.

"బావా, ఈడ పడతాది. రెండు ఇంచీల నీళ్లకు తక్కువ ల్యా" అన్నాడు మామ, ఆనందంగా.

నాకు నవ్వు పొంగుకొచ్చింది. నాయన ముఖం చూసి మింగేశాను. మా చేనులో ఎండిపోయిన ప్రతి బోరు దగ్గరా ఈ మామ చేతిలో కాయ ఇట్లాగే నిలబడింది మరి. నాయన అరుగు మీద కూలబడి, "నేను రానప్పా" అన్నాడు.

"అద్దె బండి మాట్లాడతా నాయనా."

"సొంత బండి వాకిట్లో పెట్టుకొని అద్దె బండిలో పోతే టీ అంగడి కాడ ఏమనుకుంటారు? ఏ బండీ వద్దు. అది పోవద్దనే చెప్తాండాది." తర్వాత నాకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు: "మీయమ్మ పోయిన దినం గూడ పైపు ఇట్లనే దగ్గుతాండె. నేను మోటారు ఆపేకి పోయినా. వచ్చేతలికి అయిపాయె."

ఆయన మొండికేస్తున్నాడనుకుంటే కోప్పడేవాణ్ని. ఆయన భయపడుతున్నాడు. లేచి లోపలికి నడిచాను.

వంటింట్లో నా భార్య రాగిసంకటి కెలుకుతూ, వెనక్కి తిరక్కుండానే అంది: "మీ నాయనకు డాక్టరు చెప్పింది ఎక్కల్యా. బండి చెప్పింది ఎక్కినాది. ఆ బండితోనే ఇంగో మాట చెప్పిచ్చు."

మరునాడు పొద్దున బానెట్ ఎత్తాను. ఏం చెప్పమంటారు! ఇంజనుకు గాలి పోయే డబ్బా మూత తీస్తే, లోపల వేరుశెనగ కాయలు! వాకిట్లో ఆరబోసిన కాయలను ఉడత ఒక్కొక్కటే మోసుకొచ్చి అక్కడ గాదె కట్టుకుంది. తోడితే రెండు బస్తాలయ్యాయి. పీచూ ఆకులూ పరిచి, బాలింతకు మంచం కూడా వేసుకున్నట్టుంది. కేకలు పెట్టి నాయనను పిలిచాను. దోసిట్లో కాయలు చూపించాను.

"ఉడత సంసారం పెట్టింది మామా! గాలి పోయే దావలో కాయలుంటే గుర్రనకుండా ఉంటాదా?" అంది నా భార్య.

నాయన ఒక కాయ తీసుకున్నాడు. వలిచి, గింజలు నోట్లో వేసుకొని, నిదానంగా నమిలాడు. కోడలి వైపు చూశాడు. నా వైపు చూశాడు. "వాన ల్యాని ఏడు గూడ ఇంత దాపెట్టుకున్నాదే! ఉడతకున్న తెలివి మనకు ల్యాకపాయె" అన్నాడు. తర్వాత, "చెప్పులు యాడుండాయి? పోదాం పాండి" అన్నాడు.

పెద్ద రోడ్డు ఎక్కేదాకా బండి గాలిలో తేలినట్టు పోయింది. పెనుకొండ కొండ కనబడింది. రోడ్డు కొంచెం పైకి లేచింది. గుర్రు. గళ్.

చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి. అద్దంలో వెనక కూర్చున్న నా భార్య ముఖం తెల్లబోయి కనబడింది. నడుస్తూ నడుస్తూనే ఆగిపోవచ్చన్న డాక్టరు మాట, దారి చెప్పే ఆవిడ గొంతుతో చెవిలో మోగింది. పక్కకు తీసి ఆపుదామంటే, మళ్లీ స్టార్టు కాదేమోనని భయం. ఆపకపోతే ఏమవుతుందోనని భయం. నాయన వైపు చూసే ధైర్యం లేదు. ఆయన కళ్లు మూసుకొని, సీటుకు తల వాల్చి ఉన్నాడు.

"ఏం ల్యాప్పా. ఇంగా నాలుగు కాయలు మిగిలినట్టుండాయి. పోనీ" అన్నాడు.

పోనిచ్చాను. బెంగళూరు దాకా ఎక్కడా ఆగలేదు. అది ఎన్నిసార్లు దగ్గితే ఆయన అన్నిసార్లు కళ్లు తెరవకుండానే "కాయలు" అన్నాడు. ఆసుపత్రిలో ఆయన్ను లోపలికి తీసుకెళ్లాక, ఆ తలుపు దగ్గర విన్నంత శ్రద్ధగా నేను నా జీవితంలో ఏదీ వినలేదు. బయటికొచ్చిన డాక్టరు, పూడిన చోట చిన్న లోహపు గొట్టం పెట్టి తెరిచామన్నాడు. తెలివొచ్చాక అదే మాట నాయనకు చెబితే, "బోరుకు మాదిరి కేసింగు పైపు దించినారన్నమాట" అన్నాడు తృప్తిగా.

ఇక ఒప్పుకోవాల్సింది. మీరు కొబ్బరికాయను అనుమానిస్తూ ఉంటారు. అది నిజంగానే లేచి నిలబడింది. నేను కల్పించింది ఉడతను. బస్తాలూ లేవు, బాలింత మంచమూ లేదు. నా భార్య ఇచ్చిన నాలుగు గుప్పెళ్ల కాయలు నేనే ఆ డబ్బా దగ్గర పెట్టి, నేనే తీశాను. దారిలో తినడానికి ఆమె కట్టుకున్న మూటలోంచి తొందరలో తీసిచ్చింది. అవి వేయించిన కాయలు. ఆ సంగతి పెనుకొండ దాటాక, మూటలో మిగిలినవి నోట్లో వేసుకున్నప్పుడు గానీ నాకు తెలియలేదు. ఏ ఉడతా కాయలు వేయించుకొని తినదు. నాయన పొద్దున్నే నమిలి చూశాడు. అయినా చెప్పులు అడిగాడు.

ఆ విషయం నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. శబ్దం దేనిదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. మూడు నెలలకోసారి బెంగళూరు వెళ్లి చూపించుకొని వస్తున్నాం. బండికి గీతలు పడ్డాయి, సీటు చల్లదనం తగ్గింది, నాయన బండెక్కడానికి ఇప్పుడు నా భుజం పట్టుకుంటున్నాడు. ఎత్తు రాగానే అది గుర్రుమంటుంది, ఆయన "కాయలు" అంటాడు, నేను అవునంటాను. శబ్దానికి అలవాటు పడ్డాను. గుర్రు వచ్చినా పక్క సీట్లోంచి ఆ మాట రాని రోజు ఒకటి ఈ రోడ్డు మీదే ఎక్కడో నాకోసం నిలబడి ఉంటుంది కదా, దాని వైపు ఎంత నెమ్మదిగా నడిపినా అదే వేగంతో పోతున్నానని మాత్రం ప్రతిసారీ అనిపిస్తుంది.