మా గడపకు వచ్చిన మొదటి పిలుపు

మా ముత్తాత రామభద్రయ్య గారు ఊరికి మునసబు. మా తాత సాంబశివయ్య గారూ మునసబే. కృష్ణ ఒడ్డున మా ఊళ్లో ఎవరింట పెళ్లి కుదిరినా మొదటి పిలుపు మా గడపకే వచ్చేది. పిలుపులకు తిరిగే ఆవిడ కుంకుమ భరిణెతో వచ్చి, మా గడపకూ ఇంటి ఇల్లాలికీ బొట్టు పెట్టి వెళ్లాకే పెళ్లివారు తమ సొంత చుట్టాలనైనా పిలిచేవారు. మునసబు ఉద్యోగాలు రద్దయినా ఆ పిలుపు పోలేదు. ప్రాజెక్టు కింద ఊరు మునిగాక పోయింది.

దయ్యాల మాట ఎత్తడమే మా ఇంట్లో నామోషీ. నేనూ ఎన్నడూ నమ్మలేదు. ఎవరినో నమ్మించడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రిజర్వాయరు పక్కన కట్టిన కాలనీలో లాటరీ తీసి ప్లాట్లు ఇచ్చారు. మాకు మూడో వీధిలో చివరి ఇల్లు వచ్చింది. ఇక్కడ పెళ్లికార్డులు వీధి వరసన పంచుతారు. అలా పంచిన కార్డు పట్టుకుని నేను ఏ పెళ్లికీ వెళ్లలేదు. మెల్లగా మాకు కార్డు ఇవ్వడమే మానేశారు. నా భార్య సుభద్రకు అదే దిగులు. "రేపు మనింట్లో ఏదన్నా అయితే ఈ గడప తొక్కేదెవరండీ?" అనేది.

కిందటేడు కార్తీకంలో ఒక ఆదివారం. వానలకు నీళ్లు కాలనీ దిగువ రోడ్డు దాకా వచ్చి నిలిచాయి. రోడ్డు పక్కన వలలు ఆరేసి ఉన్నాయి. ఆదివారమైనా కార్తీకం కాబట్టి ఏ ఇంట్లోంచీ కోడికూర వాసన రావడం లేదు. నేను ముందుగదిలో మంచం మీద పేపరు చదువుకుంటున్నాను. సుభద్ర గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

అప్పుడు బయట ఒక ముసలి గొంతు వినిపించింది. నేనూ విన్నాను. "అమ్మా, కోటయ్య మనవరాలి పెళ్లి. మొదటి పిలుపు మీదేనమ్మా."

పిలుపు వస్తే మగవాళ్లు లేచి వెళ్లడం మా ఇంట్లో లేదు. నేను లేవలేదు. సుభద్ర లోపలికి వచ్చేసరికి ఆమె నుదుట కొత్త బొట్టు ఉంది. గడప మధ్యలో మరొకటి. పిలిచింది ఎవరని నేను అడగలేదు. పిలుపు వచ్చింది, అది చాలనుకున్నాను.

కోటయ్య ఒకప్పుడు మా ఇంట్లో పాలేరు. అతని కొడుకు శ్రీనుకు ఇప్పుడు దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర లారీలు తిరుగుతున్నాయి. కాలనీలో మొదటి మేడ వాళ్లదే. పిలుపు అందిన రోజే పెళ్లివారింటికి వెళ్లి సరేనని చెప్పి రావడం మా వంశంలో మర్యాద. ఇస్త్రీ పంచె కట్టుకుని, కండువా వేసుకుని, సుభద్రను వెంటబెట్టుకుని పొద్దు వాలకముందే వెళ్లాను.

వరండాలో ఇంకా తాంబూలం పళ్లాలు తీయలేదు. శ్రీను మమ్మల్ని చూసి తెల్లబోయాడు. "ఏంది బాబాయ్, ఇట్టా వచ్చారు?"

వాళ్ల నాన్న నన్ను అయ్యగారూ అనేవాడు. వీడికి బాబాయినయ్యాను.

"పిలుపు అందింది. సరేనని చెప్పి పోదామని వచ్చాం" అన్నాను.

"పిలుపా? పంతులు ముహూర్తం పెట్టి లేచి గంట కాలా. మా మేనత్తకే ఇంకా ఫోన్ చెయ్యలా. మీకెవరు చెప్పారు?"

లోపల ఆడవాళ్లెవరో కిసుక్కున నవ్వారు. శ్రీను మొహమాటపడకుండా అనేశాడు. "అసలు మిమ్మల్ని పిలవగూడదనే అనుకున్నాం బాబాయ్. మీరు ఎటూ రారు, మళ్లీ మాకు మాట ఎందుకని."

"ఒక ముసలావిడ వచ్చి బొట్టు పెట్టింది" అంది సుభద్ర.

"మా ఇంట్లో ముసలమ్మలెవరున్నారు పిన్నీ?"

మూల మంచం మీదున్న కోటయ్య లేచి కూర్చున్నాడు. "ఎట్టుందమ్మా ఆవిడ?"

"ఎడమ చెవి తమ్మె తెగి ఉంది. నల్లదారంతో కుట్టుకుంది. నన్ను కొత్తకోడలా అంది. ఈ వయసులో నేను కొత్తకోడలేంటి అని నవ్వుకున్నా."

కోటయ్య నా వైపు చూశాడు. ఆ చెవి నేను చిన్నప్పుడు రోజూ చూసిందే. కోటయ్య తల్లి పున్నమ్మ. ఊరందరి పెళ్లి పిలుపులకూ తిరిగింది ఆవిడే. నా పెళ్లి కాకముందే పోయింది. సుభద్ర ఆవిణ్ని చూడలేదు. ఆవిడ ఎన్నడూ ఫొటో తీయించుకోలేదని కోటయ్యే చెప్పాడు.

శ్రీను మాత్రం నవ్వాడు. "అయితే పుస్తె కూడా మీదేగా బాబాయ్! మొదటి పిలుపు అందుకున్న ఇంటోళ్లే పుస్తె పెట్టేవోళ్లని మా నాన్న చెబుతుంటాడు."

"నోర్ముయ్ రా!" అన్నాడు కోటయ్య, చాలా కోపంగా.

"మాదే" అని చెప్పి బయటకు వచ్చేశాను.

ఎదురింటి రమణమ్మ ఆ మధ్యాహ్నమంతా మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే ఉంది. మా ఇంటికి ఎవరూ రాలేదంది. కావాలని ఎవరైనా వేళాకోళం చేశారా అని నేను నెలల తరబడి ఆలోచించాను. ముహూర్తం పెట్టిన ఆ గంటలోనే, ఆ చెవితో, ఆ మాటతో వచ్చి వేళాకోళం చేయగలిగిన మనిషి ఈ కాలనీలో లేదు.

తర్వాత శ్రీను కార్డులు పంచాడు. వీధి వరసనే పంచుకుంటూ వచ్చి, ఆఖరిది మాకు ఇచ్చి వెళ్లాడు. చచ్చిపోయినావిడకు గుర్తున్న వరస బతికున్నవాళ్లకు లేదు.

పుస్తె పెళ్లికి ముందే పంపించాను. అందుకోసం మా తాతగారు భోంచేసిన వెండి కంచం నరసరావుపేటలో అమ్మాను.